ముందు చాయ్, తర్వాత ప్రశ్నలు

సారు పోయారన్న కబురు నాకు బీడీల అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. అక్క మామూలుగా ఫోన్ చేస్తే ముందు నన్ను నాలుగు తిట్టి గానీ విషయంలోకి రాదు. "కొలువు దొరికినంక మేం యాదికొస్తలేమా?" అనే దగ్గర మొదలవుతుంది. ఆ రోజు తిట్టలేదు. "చెల్లె, సారు ఇగ లేడు," అంది. "పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్లే ఒరిగిండంట. దవాఖానకు తీస్కపోయేదాక గూడ ఆగలే." ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క సారే. డబ్బా మూత మళ్లీ పెట్టేసి, సెలవు అడిగి, బాన్సువాడ బస్సెక్కాను.

బాన్సువాడ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి మా సారు. నాకూ పాఠం చెప్పారు గానీ నేను రాయాలనుకున్నది ఆ పాఠాల గురించి కాదు. నిజం చెప్పాలంటే వాటిలో సగం నాకు గుర్తులేవు. ప్రతి చలికాలం బయటి దేశపు యూనివర్సిటీ ఒకటి తన విద్యార్థులను మన దేశానికి పంపేది. ప్రపంచమంతా ఒకే సంతగా మారిపోతోందంటారు కదా, ఆ మార్పు చిన్న చిన్న ఊళ్లలో ఎలా ఉంటుందో కళ్లారా చూడడం వాళ్ల చదువులో భాగం. కొన్నాళ్లు నగరంలో కూర్చుని ఉపన్యాసాలు విని, తర్వాత మా వైపు వచ్చేవాళ్లు. ఇక్కడ వాళ్లను ఊళ్లు తిప్పే బాధ్యత సారుది. వాళ్లకూ ఊరివాళ్లకూ మధ్య మాటలు అటూ ఇటూ మోసే పని నాది.

ఆ పనికి సారు నన్నెందుకు పిలిచారో మొదట నాకు అంతుపట్టలేదు. నేను బీర్కూర్ నుంచి బస్సులో కాలేజీకి వచ్చే కూలివాళ్ల పిల్లను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. క్లాసులో గడగడా మాట్లాడేవాళ్లు వేరే ఉన్నారు. ఉండబట్టలేక అడిగేశాను. "వాళ్ల ఇంగ్లీషు బాగుంటుందమ్మాయ్, కాదనను. కానీ వాళ్లు నాట్లేసే ఆడవాళ్లతో కూడా ఇంగ్లీషు వాసన తగిలేట్టు మాట్లాడతారు," అన్నారు. "నువ్వైతే చెప్పులు చేత్తో పట్టుకుని మళ్లోకి దిగిపోతావు." మెచ్చుకున్నారో ఆట పట్టించారో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ తర్వాత ఒకే ఒక్క షరతు పెట్టారు. "వాళ్లు ఏం చెబితే అదే చెప్పు. నీ ఉప్పు వెయ్యకు."

సారు ఎప్పుడూ తెల్లటి పొడుగు చేతుల చొక్కా వేసుకునేవారు. బుగ్గన లవంగం. వాన పడే అవకాశమే లేని పుష్యమాసంలో కూడా చంకలో గొడుగు. ఎందుకు సార్ అంటే, ఎండకు అనేవారు. ఎండలో మాత్రం ఆ గొడుగు విద్యార్థుల్లో ఎవరి ముఖం ఎర్రబడితే వాళ్ల చేతికి పోయేది. సాయంత్రం బస్సు దిగాక ఆయన మొదటి పని ఆ గొడుగు ఎవరి దగ్గరుందో వెతుక్కోవడం.

వాళ్లు వచ్చిన మొదటి రోజు కాలేజీలో ఒక గదిలో కూర్చోబెట్టి, బోర్డు మీద 'ప్రపంచీకరణ' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసేవారు. ఏదో గొప్ప ఉపన్యాసం వస్తుందని వాళ్లు పెన్నులు తీసేవాళ్లు. సారు చాక్‌పీసు దులుపుకుని, "ఈ మాట ఇక్కడే వదిలేసి రండి. బస్సులో చోటు లేదు," అని బయటికి నడిచేవారు. అంతే ఆ రోజు పాఠం. ఆ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే నాకు నవ్వాగేది కాదు.

బస్సులో మాత్రం అసలు శిక్షణ జరిగేది, అదీ నీళ్ల గురించి. మన దగ్గర ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిస్తారు. ఆ పిల్లలేమో కడుపు చెడిపోతుందని భయపడి సీసా నీళ్లు తప్ప ముట్టేవాళ్లు కాదు. మొదటి ఏడాది ఒక వాడలో చెంబు చేతికిస్తే వద్దని చేతులు ఊపారట. ఇచ్చినావిడ ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదట. తమ ఇంట్లో నీళ్లు తాగనివాళ్లను తరతరాలుగా చూసిన మనిషి ఆవిడ. వీళ్లకు కడుపు భయం, ఆవిడకు తగిలింది కులం దెబ్బ. ఇద్దరిదీ తప్పు లేదు గానీ, ఒకరి గడపలో ఒకరు నొచ్చుకున్నారు. సారు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. గడప దాటుతూనే, చెంబు బయటికి రాకముందే, ఆ పిల్లలంతా ముక్తకంఠంతో తెలుగులో ఒకే మాట అనాలి. "అవ్వా, చాయ్ వెట్టు!"

చాయ్ అయితే మరిగించిందే, కడుపుకు భయం లేదు. పైగా చాయ్ పెట్టమని దబాయించి అడిగేవాళ్లు పరాయివాళ్లు ఎలా అవుతారు? ఆరడుగుల తెల్ల పిల్లాడు గుమ్మానికి తల తగలకుండా వంగి, "అవ్వా, చాయ్ వెట్టు," అనగానే ఇల్లంతా నవ్వేది. ఒక అవ్వయితే, "వెడ్త గని బిడ్డా, పాలు లేవు, నువ్వే పోయి తే," అని వాడి చేతికి గిన్నె ఇచ్చి పంపింది. వాడు నిజంగానే వెళ్లి పక్కింట్లోంచి పాలు తెచ్చాడు. "చూశావా," అన్నారు సారు నాతో, "ముందు చాయ్, తర్వాత ప్రశ్నలు. చాయ్ లేకుండా అడిగే ప్రశ్నను పోలీసువాళ్లకు వదిలెయ్యాలి."

ఇక ప్రశ్నల సంగతి. విద్యార్థులు అడగాల్సినవన్నీ అడిగాక సారు లేచి, "కుర్చీలు మారండి," అనేవారు. అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న విద్యార్థులు కింద చాప మీదికి దిగాలి. చాప మీదున్న ఊరివాళ్లు కుర్చీలెక్కాలి. ఇప్పుడు అడిగే వంతు వాళ్లది. మొదట్లో మా వాళ్లు సిగ్గుపడి కుర్చీ అంచున కూర్చునేవాళ్లు. కాసేపటికి కాలు మీద కాలు వేసుకునేవాళ్లు. అప్పుడు చూడాలి ఆ పిల్లల అవస్థ. "మీ అమ్మ నిన్ను గింత దూరం ఒక్కదాన్నే ఎట్ల పంపింది?" "మీ తాత ఎవలి దగ్గరుంటడు? ముసలోల్లుండే ఇంట్లనా? ఎవలు వెట్టిండ్రు అండ్ల?" "నీకింకా పెండ్లెందుకు గాలే?" నేను ఉప్పు వెయ్యకుండా ఉన్నదున్నట్టు చెబుతూ పోయేదాన్ని. ఒకసారి తాత ప్రశ్న దగ్గర ఒక పిల్లాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అడిగిన పెద్దమనిషి కంగారుపడి తన రుమాలు తీసి ఇచ్చాడు. పెద్ద కొడప్‌గల్ వైపు వెళ్తే ఇంకో తమాషా. అక్కడ కొందరు ముసలివాళ్లకు మరాఠీయే నోటికొచ్చేది. ఇంగ్లీషు ప్రశ్న నా దగ్గర తెలుగై, పక్కాయన దగ్గర మరాఠీ అయి, జవాబు మళ్లీ అదే దారిన తిరిగొచ్చేసరికి సారు ఒక కునుకు తీసేవారు.

ఆయన్ను కూడా అందరూ ఒక ప్రశ్న అడిగేవాళ్లు. "మీదే ఊరు సారు?" సారు వాళ్ల నాన్నగారు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కున్నారు. సారు పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడే, జుట్టు నెరిసింది ఇక్కడే. అయినా చాయ్ హోటల్లో బల్లకు అవతల కూర్చున్న మనిషి ఆయన మాట యాస విని ఆ ప్రశ్న వేసేవాడు. సారు విసుక్కునేవారు కాదు. "కాలువ నీళ్ల వెంట వచ్చినవాళ్లమండీ," అనేవారు. ఒకసారి బస్సులో నాతో మాత్రం వేరేలా అన్నారు. "మన గురించి మనం చెప్పేలోపే అవతలివాళ్లు ఒక చీటీ రాసి అంటించేస్తారమ్మాయ్. దాన్ని పీక్కోవడానికి ఒక జన్మ సరిపోదు." అప్పుడు నేను కిటికీ బయట చెరకు బండ్లను చూస్తున్నాను. ఆ మాట బరువు తర్వాత తెలిసింది, బీడీల అక్క విషయంలో.

అక్కది కాలువ కింది ఊరు. ఆమె భర్త దుబాయిలో పనిచేస్తాడు. ఆమె ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. దూరదేశపు సంపాదన, ఇక్కడి చేతిపని ఒకే ఇంట్లో చూడొచ్చని సారు ఏటా విద్యార్థులను ఆ ఇంటికి తీసుకెళ్లేవారు. అక్కకు ఆ రోజు పండగే. పట్టుచీర కట్టుకునేది, కోడికూర వండేది. కొత్తగా టైల్స్ వేయించిన ముందు గదిలో, దుబాయి పైసలతో కొన్న ఎర్ర ఫ్రిజ్ పక్కన అందరినీ కూర్చోబెట్టేది. ఒక ఏడాది, అందరూ తిని లేచాక, అక్క చీర మార్చుకుని పాత నైటీలో పెరట్లో కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది. ఆ వారం చుట్టిన బీడీలు కార్ఖానాకు అప్పజెప్పాల్సి ఉంది మరి. పెరట్లోకి వచ్చిన ఒక విద్యార్థిని ఫోటో తీసుకోవచ్చా అని సైగ చేస్తే, అక్క తీస్కో అంది.

కొన్ని నెలల తర్వాత ఆ యూనివర్సిటీ వాళ్లు విద్యార్థుల పనినంతా ఇంటర్నెట్లో పెట్టారు. అందులో మొట్టమొదట కనిపించేది అక్క ఫోటో. మసిబారిన పెరటి గోడ, పాత నైటీ, ఒళ్లో చాట, వంచిన తల. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం. అది తిరిగి తిరిగి దుబాయిలో అక్క భర్త ఉండే రూములో ఎవరి ఫోన్లోకో చేరింది. రూములో వాళ్లు ఆయన్ను ఏం అన్నారో గానీ ఆయన అక్కకు ఫోన్ చేసి, "నేను పంపేది సాల్తలేదా? గిట్లెందుకు దిగినవ్ ఫోటో?" అని అరిచి పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. అక్క చేస్తే ఎత్తడం లేదు.

సారు, నేను కలిసి వెళ్లాం. అక్క గడపలోనే నిలబడింది. చాయ్ లేదు, కనీసం నీళ్లు కూడా ఇవ్వలేదు. సారు అరుగు అంచున కూర్చుని, "నీళ్లు కూడా ఇవ్వలేదంటే చాలా నొచ్చుకున్నావమ్మా," అన్నారు. అక్క ఆయన్ను వదిలి నా మీద పడింది.

"చెల్లె, నువ్వు చదువుకున్నదానివి. దాని కింద ఏం రాసిండ్రో చెప్పు."

నేను సారు వైపు చూశాను. ఆయన చెప్పమన్నట్టు తలూపారు. ఉప్పు వెయ్యకుండా చెప్పాను. "ప్రపంచ మార్కెట్ అంచున మిగిలిపోయిన స్త్రీ."

"నేనెందుకు మిగిలిన? ఏం అంచు? మా ఇల్లు ఊరి నడిమిట్ల ఉన్నది!" అక్క ముందు గది వైపు చెయ్యి చూపించింది. "కోడి కోసిన. పట్టుచీర కట్టిన. ఫ్రిజ్ల నీళ్లు పోసిచ్చిన. గవన్నీ యాడికి పోయినయ్? గా నైటీ ఒక్కటే దొరికిందా వాల్లకు? నా మొగడు గాడ ఎండల పనిచేసి కట్టిన ఇల్లు సారు గిది. ఆయన ముంగట నన్ను బిచ్చపుదాన్ని చేసిండ్రు. ఆయన మాట్లాడకుంటే నేనెట్ల ఉండాలె?"

పిల్లలు తెలియక చేశారని సారు అనలేదు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఆయన అననందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం. "ఏం చెయ్యమంటావమ్మా?" అని మాత్రం అడిగారు.

"గది తీసెయ్యాలె. నేను చెప్పినట్లు ఇంకొకటి తియ్యాలె. అందాక ఎవ్వలు మా ఇంటికి రావద్దు."

అక్క కాదంటే ఆ ఊళ్లో ఇంకే ఇల్లూ తలుపు తీయదు. అది సారుకు తెలుసు. ఆ సాయంత్రమే ఆయన ఆ యూనివర్సిటీ ప్రొఫెసరుకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. ప్రొఫెసరు మర్యాదగానే మాట్లాడాడు. ఆ ఫోటోను అందరూ మెచ్చుకున్నారట. విద్యార్థి పనిని తీసెయ్యడం తమ పద్ధతి కాదట. ఆమె అనుమతి ఇచ్చింది కదా అన్నాడు. "ఫోటోకు ఇచ్చిందండీ, కింద రాసినదానికి ఇవ్వలేదు," అన్నారు సారు.  దానికి ప్రొఫెసరు, నగరానికి దగ్గర్లో ఇంకో చోటు చూస్తున్నామని, అక్కడ వసతులు బాగున్నాయని, ఈసారి బాన్సువాడ రావడం కుదరకపోవచ్చని అన్నాడు. సారు చేతిలో లవంగం అలాగే ఉండిపోయింది. "అలాగే కానివ్వండి. ఆ ఫోటో అక్కడ ఉన్నంతకాలం నేను మాత్రం ఎవర్నీ ఏ ఇంటికీ తీసుకెళ్లలేను," అని పెట్టేశారు.

లోపలి గదిలోంచి అంతా విన్న అమ్మగారు, అంటే సారు భార్య, బయటికొచ్చారు. "ఇదొక్కటే కదండీ మీకున్నది," అన్నారు. "ఇది కూడా పోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో కూర్చుని నన్ను ఆర్థికశాస్త్రం అడుగుతారా?" సారు నవ్వారు గానీ ఆ నవ్వులో పస లేదు. రిటైరైన మనిషికి ఆ చలికాలపు వారాలు ఏమిటో నాకు తెలుసు. నవంబరు రాగానే చొక్కాలు ఇస్త్రీకి వెళ్లేవి. రైస్ మిల్లు వాళ్లకు, బస్సతనికి ముందే చెప్పి పెట్టేవారు. ఏ ఊళ్లో ఎవరింట్లో పెళ్లుందో కనుక్కునేవారు. ఆ ఏడాది చొక్కాలు ఇస్త్రీకి వెళ్లలేదు. వరి కోతలు అయిపోయాయి, యాసంగి నాట్లకు బెంగాల్ నుంచి కూలీలు దిగారు. సారు కాలువ గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఊరికే చూసి వచ్చేవారు. ఒకసారి నేను, ఏదో ఒకటి చెప్పి అక్కను ఒప్పిద్దాం సార్ అన్నాను. "ఒప్పించడం పెద్ద పని కాదమ్మాయ్. నా మాట కాదనలేక సరేనంటుంది. అందుకే అడగకూడదు," అన్నారు.

మాకు ఎవరి నుంచీ ఉత్తరం ముక్క కూడా రాలేదు. వచ్చింది మనిషే. సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం సారు ఇంటి ముందు ఆటో ఆగి, ఫోటో తీసిన అమ్మాయి దిగింది. సారు ఎందుకు వద్దన్నారో ఆమెకు ఆలస్యంగా తెలిసిందట. తెలిసిన రోజే తన పనిని తీసెయ్యమని పట్టుబట్టి తీయించిందట. ప్రొఫెసరుతో వాదించి, తను సాయంగా వచ్చిన ఆ ఏటి బృందాన్ని నగరంలో వదిలేసి, బస్సు మారి బస్సు మారి వచ్చింది. భుజాన కెమెరా, ముఖం నిండా దుమ్ము. సారును చూడగానే ఏం మాట్లాడాలో తోచక, తనకు వచ్చిన తెలుగంతా కూడదీసుకుని, "చాయ్ వెట్టు," అంది. అమ్మగారు నవ్వుతూనే కళ్లొత్తుకుని లోపలికి వెళ్లారు.

అక్క మాత్రం అంత తొందరగా నవ్వలేదు. అమ్మాయిని వాకిట్లోనే చాలాసేపు నిలబెట్టింది. అమ్మాయి క్షమాపణ చెబుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను. అక్క మధ్యలోనే చెయ్యెత్తి ఆపింది. "మాటలొద్దు. ఫోటో తియ్యి," అంది.

అదొక పెళ్లి తంతులా నడిచింది. అక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇంటర్ చదివే బిడ్డను, బడికి పోయే కొడుకును పక్కన నిలబెట్టింది. బిడ్డ ఫోన్లో తండ్రికి వీడియో కాల్ చేసింది. ఈసారి ఆయన ఎత్తాడు. సంగతి తెలిసి అరే అరే అంటూ బనియన్ మీద చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని తెర మీదికొచ్చాడు. బిడ్డ ఆ ఫోన్‌ను గుండెల దగ్గర అందరికీ కనిపించేలా పట్టుకుంది. అంతా సిద్ధమయ్యాక అక్క, "ఆగుండ్రి," అని పెరట్లోకి పోయి చాట తెచ్చి, కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. ఆకు, తంబాకు, సగం చుట్టిన బీడీలు అన్నీ ఉన్న చాట.

నేను ఆశ్చర్యపోయాను. "ఇదెందుకక్కా? దీనికే కదా ఇంత గొడవైంది?"

"దీనికి గాదు," అంది అక్క. "గిది నా పని. గిది లేకుంటే నేనెట్లయిత? కని గిదొక్కటే నేను గాదు. నా ఇల్లు గూడ కనవడాలె, నా మొగడు గూడ కనవడాలె."

సారు తల పక్కకు తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇక చివరి చిక్కు ఫ్రిజ్‌ది. ఫ్రిజ్ తలుపు తెరిచే ఉండాలని అక్క పట్టు. లోపల కూరగాయలు, పాలు, కూల్‌డ్రింక్ సీసా అన్నీ సర్ది పెట్టింది. కానీ ఆ మూల టైల్స్ వాలుగా వేసినట్టున్నారు, తలుపు వదలగానే మూసుకుపోతోంది. సారు వెళ్లి తలుపు పట్టుకున్నారు. అమ్మాయి కెమెరా ఎత్తింది. అక్క కెమెరా వైపు, సారు వైపు మార్చి మార్చి చూసి, "సారు, జెర పక్కకు జరుగుండ్రి. గిది మా ఇంటోల్ల ఫోటో," అంది. మేమందరం ఒక్కసారి బిగుసుకుపోయాం. సారు మాత్రం పెద్దగా నవ్వేశారు. "నిజమే కదమ్మా, నిజమే," అంటూ తలుపు వదలకుండానే గోడకు ఆనుకుని, చెయ్యి చాపగలిగినంత చాపి, వెనక్కి వెనక్కి జరిగారు.

ఫోటో కింద ఏం రాయాలో కూడా అక్కే చెప్పింది. "నేను, నా మొగడు, నా పిల్లలు, మా ఇల్లు, నా పని." నేను ఇంగ్లీషు చేశాను. ఆ అమ్మాయి ఇంకేమీ కలపలేదు. ఆ మరుసటి చలికాలం నుంచి బస్సు మళ్లీ బాన్సువాడకు వచ్చింది. ఎవరి ఫోటో కింద మాట వాళ్లే చెప్పాలన్నది అప్పటి నుంచి కుర్చీలు మారడం లాంటి నియమమే అయింది. సారు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరైనా పొగడబోతే, "ఫ్రిజ్ తలుపు పట్టుకున్నానండీ, అంతే," అనేవారు.

ఆయన్ను సాగనంపిన రోజు ఆ ఇంటి ముందు రెండు యాసలూ కలిసి ఏడ్చాయి. కాలువ కింది సెటిలర్ రైతులు ఒక పక్క, ఆయన ఏటా విద్యార్థులతో వెళ్లి చాయ్ తాగిన వాడల మనుషులు ఒక పక్క. దూరదేశాల నుంచి ఆ పాత విద్యార్థులు అమ్మగారికి ఫోన్లు చేశారు. ఆమెకు వాళ్ల భాష రాదు, వాళ్లకు ఆమె భాష రాదు. నేను ఫోన్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆమె ఏడిస్తే ఏం తర్జుమా చేయాలో తెలియక నేనూ ఏడ్చాను. నాకు ఒక పని ఇచ్చి, ఆ పని నేను చేయగలనని నాకంటే ముందు నమ్మిన మనిషి ఆయన. ఆయన లేకపోతే నేను బీర్కూర్ బస్సు కిటికీలోంచి చూసిందే లోకం అనుకునేదాన్ని.

దినాల రోజు భోజనాలయ్యాక అక్క నా చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్లింది. ముందు గదిలో, టీవీ పైన, ఆ అమ్మాయి పంపిన ఫోటో పెద్ద అద్దపు ఫ్రేములో ఉంది. పట్టుచీరలో అక్క, ఒళ్లో చాట, పిల్లలు, ఫోన్ తెర మీద చొక్కా కాలరు సర్దుకుంటున్న భర్త, వెనక తెరిచిన ఎర్ర ఫ్రిజ్. నేను ఎన్నోసార్లు చూసిన ఫోటోయే. కానీ ఫోటో కుడి అంచున ఎప్పుడూ లేని పసుపు చుక్క ఒకటి కనపడి దగ్గరికి వెళ్లాను.

"దండ ఎయ్యాలని తెచ్చిన చెల్లె," అంది అక్క వెనక నుంచి. "కని మేమందరం బతికున్నోల్లం ఉన్నం అండ్ల. దండ ఎయ్యరాదు గద. సారుది వేరే ఫోటో ఒక్కటి గూడ లేదు నా దగ్గర. ఆ దినం నేనే జరుగుమంటి. జరుగకుంటే ఏం బోవు?" ఇంకేదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోటో అంచున, ఫ్రిజ్ తలుపు చివర, తెల్ల చొక్కా చెయ్యి ఒకటి మణికట్టు దాకా కనిపిస్తోంది. మనిషి లేడు. నాలుగు వేళ్లు తలుపును పట్టుకుని ఉన్నాయి. సరిగ్గా ఆ వేళ్ల దగ్గర, అద్దం మీద, అక్క ఒక్క చామంతి పువ్వును టేపుతో అంటించింది.